ఒకేచోట నాలుగుసార్లు కాలిన వైర్లు

రిటైరయ్యాక ఇంట్లో నాకు రెండు పనులు మిగిలాయి. ఒకటి, పొద్దున్నే మోటారు వేసి ట్యాంకు నిండగానే కట్టేయడం. రెండోది, కట్టేయడం మర్చిపోయి తిట్లు తినడం. ఇలా కాలక్షేపం చేస్తుండగా మా వీధిలో ఆటోమొబైల్ డిప్లొమా చదివినవాళ్ళు ముగ్గురు వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్, ఉద్యోగంలో పనికొస్తాయి" అన్నారు. నేను మొదలుపెడితే ఆగనని మా ఆవిడ వాళ్ళని గుమ్మంలోనే హెచ్చరించింది. అందుకని రాస్తున్నాను. రాసింది విసుగొస్తే మూసేయొచ్చు. నన్ను మూయడం కష్టం.

నేను రాజమండ్రిలో కార్ల వైరింగ్ పని చేశాను. మొదట రోడ్డు పక్క షెడ్డులో, తర్వాత ఖరీదైన కార్లు బాగుచేసే పెద్ద సర్వీస్ సెంటర్లో. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినప్పుడల్లా చొక్కా రంగు మారేది, పని మారేది కాదు. నేను బాగుచేసిన బళ్ళ గురించి కూడా ఎక్కువ రాయను. బాగుపడిన బండి ఎవరికీ ఏమీ నేర్పదు. ఒక బండిని నాలుగుసార్లు బాగుచేశాను. దాని గురించి రాస్తాను. అందులో ఒక మనిషి ఉద్యోగం పోయింది. అది నా వల్ల పోయింది.

కోటయ్య గారి ముక్కు

ముందు మా గురువు గురించి రెండు మాటలు. కోటయ్య గారి షెడ్డు గోకవరం బస్టాండు దగ్గర ఉండేది. లారీలు, అంబాసిడర్లు, పెళ్ళివాళ్ళ వ్యాన్లు వచ్చేవి. ఆయన దగ్గర ఉన్న పరికరాలు రెండే. ఒక టెస్ట్ ల్యాంపు, ఒక ముక్కు. కాలిన వైరు ముక్క తెంపి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇది హారను వైరు" అనేవారు. ఎప్పుడూ తప్పయ్యేది కాదు. చూడ్డానికి పక్క కొట్టువాళ్ళు కూడా వచ్చేవారు.

ఆ విద్య నేర్చుకోవాలని నేను రెండేళ్ళు రకరకాల వైర్లు కాల్చి వాసన చూశాను. అన్నీ ఒకటే కంపు. నాకు దగ్గు వచ్చింది గానీ విద్య రాలేదు. చివరికి ఒకరోజు కనిపెట్టాను. బండి షెడ్డులోకి తిరుగుతుండగానే ఆయన ఎదురెళ్ళి, డ్రైవరుతో మెల్లిగా "ఏం పనిచెయ్యట్లేదు నాయనా?" అనేవారు. "హారను మోగట్లేదండి" అని అతను చెప్పేవాడు. ఆ తర్వాతే వాసన చూసేవారు.

మోసం అనుకున్నాను. అందులో ముక్కు మాత్రమే నాటకమని, డ్రైవర్ని అడగడమే అసలు విద్య అని అర్థమయ్యేసరికి నాకు యాభై దాటాయి. అదీ ఊరికే అర్థం కాలేదు.

బానెట్ కింద వేడి

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే లోపల ఇద్దరు కూర్చుని పేకాడుకునేంత చోటుండేది. ఇప్పటి ఖరీదైన కార్లలో చిటికెన వేలు దూరదు. ఇంజను చిన్నదైంది, బలం పెరిగింది. ఆ బలం టర్బో వల్ల వస్తుంది. ఇంజను వదిలే వేడి పొగ తోస్తే తిరిగే చక్రం అది. బండి బాగా లాగుతున్నప్పుడు దాని పైతొడుగు పొయ్యి మీది పెనం కన్నా వేడిగా ఉంటుంది. దానికి జానెడు దూరంలోనే వైర్ల కట్ట వెళుతుంది. ఆ కట్టని హార్నెస్ అంటాం. పైన చప్పుడు వినిపించకుండా ఒక ప్లాస్టిక్ మూత, కింద బురద పడకుండా ఇంకో మూత. ఇక మన మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

వేడికి వైరు ఒక్కరోజులో కరిగిపోదు. దాని పైతొడుగు నెలల తరబడి ఉడికి, గట్టిపడి, చివరికి వంచితే అప్పడంలా విరుగుతుంది. లోపలి రాగి బయటపడి పక్క రాగికి తగులుతుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఇంజను ఎగశ్వాస తీస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఎడ్లబండి వేగం దాటనంటుంది. ఓనరు మాత్రం మన దగ్గరికొచ్చి, "ఏసీ కాస్త తగ్గిందండి, చూడండి" అంటాడు.

బండి తయారుచేసినవాళ్ళు ఇదంతా తెలియనివాళ్ళు కాదు. వైర్లకి వేడి తట్టుకునే తొడుగు వేస్తారు. మధ్యలో రేకు అడ్డం పెడతారు. నేను చెప్పబోయే కారులోనైతే ముందుండే జల్లెడలాంటి గ్రిల్లు వెనక నుంచి ఒక లావుపాటి గొట్టం వెళుతుంది. చల్లగాలి తీసుకెళ్ళి ఆ వైర్ల మీద ఊదడం దాని పని. బండి ఆగి ఉన్నప్పుడు కూడా గాలి లాగడానికి లోపల చిన్న ఫ్యాను ఉంటుంది. అన్నీ ఆలోచించారు. మన ఒక్కళ్ళ గురించే ఆలోచించలేదు.

మన జిల్లాల్లో బానెట్ ఎత్తితే ఇంజను ఒక్కటే ఉండదు. కోతలయ్యాక ఎలుకలు చేరతాయని పొగాకు కాడలు, కలరా ఉండలు పెడతారు. దిష్టికి నిమ్మకాయలు, వెంట్రుకల తాడు కడతారు. ఒక కారులో నాకు ఎండుమిరపకాయల దండ దొరికింది. ఆ బండి స్టార్ట్ చెయ్యగానే వర్క్‌షాపు మొత్తం తుమ్మింది. వీటిని చూసి నవ్వడం మాకు తెలుసు, నెమ్మదిగా తీసి పక్కన పెట్టడం కూడా తెలుసు. నవ్వకూడని వస్తువు ఎదురైతేనే మా బుర్ర పనిచెయ్యదు.

షావుకారు గారి కారు

విశ్వనాథం గారిది పెద్ద బట్టల వ్యాపారం. ఊళ్ళో అందరూ షావుకారు గారనే అంటారు. ఆయన కొన్న మొదటి ఖరీదైన కారు అది. పూజ రోజున చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక, వాళ్ళమ్మగారు డ్రైవర్ని పిలిచారు. ఆవిడ్ని ఊరంతా మామ్మగారంటారు. ఎనభై దాటినా కొట్టులో చీర మడత తేడాగా ఉంటే వీధిలోంచే కనిపెడతారు. పుట్టిల్లు పెద్దాపురం. ఏ పని మొదలుపెట్టినా అక్కడి మరిడమ్మ తల్లికి మొక్కుకుని ముడుపు కడతారు. కారుకి ఏ ఆపదా రాకూడదని పసుపు గుడ్డలో ముడుపు కట్టి, "బండికి ప్రాణం ఎక్కడుంటుందో అక్కడ పెట్టు, ఎవరి కంటా పడకూడదు" అని ఇచ్చారు.

డ్రైవరు పేరు సూరిబాబు. కడియం మనిషి. పన్నెండేళ్ళుగా వాళ్ళింట్లో పనిచేస్తూ ఏ బండి మీదా గీత పడనివ్వలేదు. అతను బానెట్ ఎత్తి అంతా వెతికాడు. ఎక్కడ చూసినా మూతలే. ముందువైపు ఒక్కచోట, దీపం పెట్టుకునే గూడులా గుండ్రంగా, శుభ్రంగా, చల్లగా ఒక చోటు కనిపించింది. ముడుపు అందులో పెట్టి జారిపోకుండా తాడుతో కట్టాడు.

అది ఆ గాలిగొట్టం నోరు.

మీకు అర్థమైపోయింది కదా? నాకు ఏడాదిన్నర పట్టింది.

మొదటిసారి కారు వచ్చినప్పుడు టర్బో పక్క హార్నెస్ మాడిపోయి ఉంది. ముడుపు నిమ్మకాయంత ఉంది. నేను చేతులు కడుక్కుని, దాన్ని విప్పి, కళ్ళకద్దుకుని, ఎవరి కాలూ తగలకుండా నా బల్ల మీద కొత్త తువాలు పరిచి పెట్టాను. కొత్త హార్నెస్ వేశాను. ఇంజను నడిపి పరీక్ష చేశాను. వేడి సరిగ్గా ఉంది. ఆ తర్వాత మళ్ళీ కాళ్ళూ చేతులూ కడుక్కుని ముడుపు ఎక్కడిదక్కడ కట్టి బండి పంపించాను. పరీక్షంతా అది లేకుండా చేసి, అంతా అయ్యాక అది పెట్టి పంపాను. నూనె చేతులతో ముట్టుకోకూడదుగా మరి. నా భక్తిలో లోపం లేదు, బుద్ధిలోనే ఉంది.

రెండోసారి అదేచోట, అవే వైర్లు. ఈసారి ముడుపు బత్తాయంత అయింది. బండి మొరాయించిందని తెలిసి, మొక్కు చాలలేదేమోనని మామ్మగారు పెద్దది చేశారట. నేను ఇంకాస్త భయంగా విప్పి, ఇంకాస్త శ్రద్ధగా కట్టాను. రెండోసారి బండి మొదటిసారి కన్నా తొందరగా చెడిందని గమనించాను. ఎందుకని మాత్రం నన్ను నేను అడగలేదు. సరుకు నాసిరకమని తిట్టుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు ముడుపు దాని చోట లేదు. డ్యాష్‌బోర్డు అరలో ఉంది. లోపల చిన్న ఎండు కొబ్బరికాయ కూడా చేరినట్టుంది, అర మూత పడక నోరు తెరుచుకుని ఉంది. నాకు కోపం వచ్చింది. పక్కనే నిలబడ్డ సూరిబాబుతో, "ఏం సూరిబాబూ, అమ్మవారంటే భయం లేదా? కాగితాలు పెట్టుకునే అరలో పెడతావా?" అన్నాను. అతను ఏదో చెప్పబోయాడు. నేను వినకుండా కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయాను. పని అయ్యాక నా చేత్తోనే దాన్ని గొట్టం నోట్లో పెట్టి, కొత్త తాడు తెప్పించి మూడు ముళ్ళు వేశాను.

నా సంతకం

మూడోసారికి షావుకారు గారికి ఓపిక పోయింది. "కారణం ఏంటో కాగితం మీద రాసివ్వండి" అన్నారు. మా మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

ఆయన మంచివారే. కానీ ల్యాప్‌టాప్‌లో కనపడనిది లోకంలో జరగలేదని ఆయన నమ్మకం. ఒకసారి వర్షంలో తడుస్తూ నిలబడి, ఫోన్ చూసి "వర్షం లేదే" అన్నారు. కారు కంప్యూటర్ని ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఏ వైరు తెగిందో చెప్పింది. గొట్టంలో ఫ్యాను తిరుగుతోందని కూడా చెప్పింది. ఫ్యానుకి గాలి అందుతోందో లేదో అది చెప్పదు. దాన్ని ఎవరూ అడగలేదు కూడా. ఇంకొకటి మాత్రం చెప్పింది. ఈ బండి ఆగి ఉండి, ఇంజను ఆన్‌లోనే ఉన్న గంటలు చాలా ఎక్కువని.

"దొరికింది!" అన్నారు మేనేజరు గారు. "డ్రైవరు బండి ఆపి ఏసీ వేసుకుని కూర్చుంటున్నాడు. అందుకే వేడెక్కుతోంది. రాసెయ్యండి."

అది కారణం కాదని నా మనసు గొణిగింది. ఆగి ఉన్నప్పుడు చల్లబరచడానికేగా ఆ ఫ్యాను ఉంది. కానీ అప్పటికి మూడుసార్లు ఓడిపోయి ఉన్నాను. ఓడినవాడికి ఏ కారణం దొరికినా చాలు. కాగితం తీసి ఇలా రాశాను: బండి నిలిపి ఇంజను గంటల తరబడి నడపడం వల్ల వైర్లు కాలినవి. ఇది డ్రైవరు నిర్లక్ష్యం. కింద సంతకం పెట్టాను. నా సంతకం చాలా బాగుంటుంది.

సూరిబాబు అప్పుడు బయట చెట్టు కింద కారు అద్దాలు తుడుస్తున్నాడు. గది తలుపు నుంచి ఇరవై అడుగుల దూరం. నేను వెళ్ళి, ఇంజను ఎందుకు ఆన్‌లో ఉంచుతున్నావని ఒక్క మాట అడగలేదు. రోజంతా ఆ బండితో ఉండే మనిషి అతను. ఆ బండి చెడితేనే చూసే మనిషిని నేను. మా ఇద్దరిలో బండి గురించి ఎవరికి ఎక్కువ తెలుసో నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే షావుకారు గారు అతన్ని మానిపించేశారు. ఏసీలో నిద్రపోయాడని కాగితంలో నేను రాయలేదు. ఊరు రాసుకుంది. వారం తిరక్కుండా డ్రైవర్లందరి నోళ్ళలో అతను 'ఏసీ సూరిబాబు' అయ్యాడు. ఆ పేరున్న మనిషికి కారు తాళం ఎవరిస్తారు?

మామ్మగారు కుర్చీ వేసుకున్న రోజు

కొత్త డ్రైవర్ని నమ్మక షావుకారు గారే నడపడం మొదలుపెట్టారు. నేను రాసిన కాగితాన్ని ఆయన చాలా గట్టిగా పట్టుకున్నారు. బండి ఆగితే చాలు, ఇంజను కట్టేసేవారు. రైల్వే గేటు దగ్గర కట్టేశారు, సిగ్నళ్ళ దగ్గర కట్టేశారు, గోదావరి వంతెన మధ్యలో బస్సు వెనక ఆగినప్పుడు కూడా కట్టేశారు. వెనకవాళ్ళు తిట్టిన తిట్లు ఆయన వ్యాపార జీవితంలో ఎప్పుడూ వినలేదట.

ఐదు వారాలకే కారుని లాక్కొచ్చారు. అదేచోట, అవే వైర్లు.

అది చూడగానే నేను రాసిన కాగితం గుర్తొచ్చింది. సూరిబాబు లేడు, ఆగి ఉండి నడిచిన గంటలు లేవు, అయినా వైర్లు మాడాయి. అంటే నేను రాసింది అబద్ధం. ఆ సంగతి మేనేజరు గారితో అన్నాను. ఆయన ల్యాప్‌టాప్ వైపు చూసి, "ఈసారి కారణం వేరే అయ్యుంటుంది" అన్నారు. నేనూ రెండు రోజులు అలాగే సర్దిచెప్పుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

కొత్త హార్నెస్ వేసి పరీక్షకి సిద్ధం చేసిన రోజున మామ్మగారు స్వయంగా దిగారు, కొడుకుని వెంటబెట్టుకుని. చేతిలో ఎర్రపట్టు గుడ్డలో కట్టిన కొత్త ముడుపు. బండి చెడిన రోజే పాత ముడుపు ఇంటికి తెప్పించుకుని, ఇంకొన్ని చేర్చి కట్టించారట. బాగా పండిన పనసతొనల పొట్లంలా బరువుగా ఉంది.

"మీ మరమ్మతులు చూశాం గానీ, ముందు ఇది పెట్టు అబ్బాయ్. ఇంకో పావుగంటలో దుర్ముహూర్తం వచ్చేస్తుంది" అన్నారు.

"పరీక్ష అయ్యాక పెడతానండి మామ్మగారూ, చేతులకి నూనె..."

"కడుక్కో."

కడుక్కున్నాను. పెట్టాను. ఆవిడ కుర్చీ తెప్పించుకుని కారు ముందు కూర్చున్నారు. వైర్ల పక్కన వేడి కొలిచే మీటరు అంటించి ఇంజను నడిపాను. ఆ కారుకి ముడుపుతో పరీక్ష జరగడం అదే మొదటిసారి.

మీటరు అంకెలు పెరుగుతున్నాయి. ఆగాల్సిన చోట ఆగలేదు. ఇంకా పెరుగుతున్నాయి. ఏదో అడ్డుపడుతోందని ముడుపు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి తొంగి చూశాను. అంకెలు దిగడం మొదలుపెట్టాయి. ఏమీ కనపడక ముడుపు మళ్ళీ పెట్టాను. అంకెలు ఎక్కాయి. మళ్ళీ తీశాను. దిగాయి.

ఇప్పుడు ఈ మాట మామ్మగారితో ఎలా చెప్పడం? ముడుపు చేత్తో పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

"అదేంటి అబ్బాయ్, అది తీసినప్పుడల్లా తగ్గుతోంది?" అన్నారు మామ్మగారు.

"కాకతాళీయం అండి."

"ఏదీ, ఇంకోసారి పెట్టు."

పెట్టాను. ఎక్కాయి.

"ఆ గొట్టం ఎక్కడికెళ్తుంది?"

"వైర్ల దగ్గరికండి. గాలి... గాలి వెళ్తుందండి."

ఆవిడ కుర్చీలోంచి ముందుకి వంగి గొట్టం వైపు చూశారు. తర్వాత, "పెళ్ళయిన కొత్తలో కట్టెల పొయ్యి మీద ముప్పైమందికి వండాను నేను. గాలి వెళ్ళే దారిలో గుడ్డ కుక్కితే ఏమవుతుందో నువ్వు చెప్పాలా నాకు?" అన్నారు. "ఇన్నిసార్లు బాగుచేశావు. ఇన్నిసార్లూ ఇది అక్కడే ఉందా?"

"ఉందండి."

"ఎవరు పెట్టారు?"

"మొదట సూరిబాబు పెట్టాడండి. తర్వాత నేనేనండి. కళ్ళకద్దుకుని మరీ పెట్టానండి."

"కళ్ళకద్దుకునే ముందు కళ్ళతో చూడాలి కదా నాయనా" అన్నారావిడ. నా ఉద్యోగంలో నాకు దక్కిన పాఠాలన్నిటిలో అది మొదటిది. నా వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మేనేజరు గారు అనుకుంటాను.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగారు. "ఈమధ్య సూరిబాబు కనపడట్లేదేంటి అంటే, తనంతట తనే మానేశాడన్నావు కదరా?"

షావుకారు గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆయన జేబులోంచి నేను రాసిన కాగితం తీసిచ్చారు. ఇన్నాళ్ళూ జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు పాపం. మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"బండి నిలిపి ఇంజను నడపమన్నది నేను" అన్నారు. "గుళ్ళోంచి వచ్చేసరికి కారు చల్లగా ఉండాలని నేనే చెప్పాను. కోరుకొండ కొండ దిగి వచ్చేసరికి నా ప్రాణం పోతుంది. వాడు ఎండలో బయట నిలబడేవాడు. ఒక్కరోజు కూడా లోపల కూర్చోలేదు."

మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచి, "గాలి దారిలో అన్య వస్తువు అని రాసి వదిలెయ్యండి. డ్రైవరు ఊసు మనకొద్దు" అన్నారు. కుర్రాళ్ళకి నా మాట. మీ పై అధికారి ఇలాంటి సలహా ఇస్తే అది మీ మేలు కోరి ఇచ్చినదే. వినకండి.

అయినా వినే అవకాశం నాకు రాలేదు. మామ్మగారు అప్పటికే కారెక్కి కూర్చున్నారు. ముడుపు ఒళ్ళో పెట్టుకున్నారు. "దీన్ని రేపు పెద్దాపురం తీసుకెళ్ళి అమ్మవారికి చెల్లించేస్తాను. ముందు కడియం పోనీ. నువ్వూ ఎక్కు అబ్బాయ్."

కడియంలో

సూరిబాబు ఒక నర్సరీలో మొక్కల వ్యాను తోలుతున్నాడు. మేం వెళ్ళేసరికి ఇంటి ముందు వ్యాను నిలిపి, వెనకంతా బంతి నారు ఎక్కించుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తువాలు భుజం మీంచి తీసేసి నిలబడ్డాడు. మామ్మగారు కారు దిగకుండానే జరిగిందంతా గడగడా చెప్పేశారు.

అతను ఆశ్చర్యపోలేదు. "ఆయ్, తెలుసండి" అన్నాడు.

"తెలుసా?" అన్నాను.

"రెండోసారి బాగుచేయించుకెళ్ళాక అనుమానం వచ్చిందండి. ముడుపు లేనప్పుడు ఆ గొట్టం దగ్గర చెయ్యి పెడితే గాలి లాగేదండి. పెట్టాక లాగట్లేదండి. మామ్మగారి ముడుపు వల్ల బండి కాలుతోందని షావుకారు గారితో నేనెలా అంటానండి? అమ్మవారిదాయె. అందుకని తీసి అరలో పెట్టానండి. అప్పటికే వైర్లు ఉడికిపోయినట్టున్నాయండి, వారానికే ఆగిపోయింది. పోన్లే, మీరు చూస్తారు, పెద్ద మెకానిక్కు కదా, మీకే తెలుస్తుంది అనుకున్నానండి." చేతిలో తువాలు మడతపెట్టాడు. "మీరు నన్ను తిట్టి, మళ్ళీ అక్కడే పెట్టి, మూడు ముళ్ళు వేశారండి."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాకు తెలియని జబ్బుని అతను ఒక్క అరచేత్తో కనిపెట్టి, మందు కూడా వేశాడు. నేను ఆ మందు పీకేసి, అతన్నే జబ్బని రాశాను. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు నా ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఇంకెప్పుడూ కలగలేదు.

"సోమవారం నుంచి వచ్చెయ్ సూరిబాబూ" అన్నారు షావుకారు గారు, ఎటో చూస్తూ.

"వస్తానండి. కానీ..." అని అతను నసిగాడు. గుమ్మంలోంచి అతని భార్య అందుకుంది.

"వస్తాడండి. ఎందుకు రాడు? కానీ ఈయన రాసిన కాగితం సంగతేంటండి? ఈ వీధిలో మా ఆయన్ని ఏసీ సూరిబాబు అంటున్నారండి. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫ్యానండి, అదీ మూడు మీద పెడితే తిరగదు. మా పిల్లని బళ్ళో ఏసీ గారమ్మాయి అంటున్నారండి. కాగితం మీద పోయింది కాగితం మీదే రావాలండి."

"ఇప్పుడే రాసిస్తానమ్మా" అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళి పిల్ల నోట్‌పుస్తకంలోంచి కాగితం చింపి తెచ్చింది. కారు బానెట్ మీద పెట్టి రాశాను. వైర్లు కాలడానికి కారణం గాలిగొట్టానికి వస్తువు అడ్డం ఉండటం. డ్రైవరు సూరిబాబు దాన్ని కనిపెట్టి తీసివేసినాడు. మెకానిక్ తెలివితక్కువగా దాన్ని తిరిగి పెట్టినాడు. ఇందులో డ్రైవరు తప్పు ఏమీ లేదు. ఇంతకు ముందు రాసినది తప్పు. అంతా మెకానిక్ తప్పు.

సంతకం పెట్టి ఆవిడకిచ్చాను. ఆవిడ తీసుకోలేదు.

"చదవండి" అంది.

చదివాను.

"గట్టిగా చదవండి. ఎదురింటివాళ్ళకి వినపడలేదు."

గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఎదురింట్లో టీవీ పెద్దగా మోగుతోంది. మధ్యలోనే ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

మామ్మగారు కారు అద్దం దించి కొడుకుతో, "వెళ్ళి ఆ టీవీ కట్టించరా" అన్నారు. మూడంతస్తుల బట్టల కొట్టున్న షావుకారు గారు పంచె పైకి పట్టుకుని, బురద దాటుకుంటూ ఎదురింటికెళ్ళి, "కాస్త టీవీ కట్టేస్తారాండి, ఇక్కడ కాగితం చదువుతున్నారు" అని అడిగి వచ్చారు. ఆయనతోపాటు ఆ ఇంట్లోవాళ్ళు నలుగురూ బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. సూరిబాబు మాత్రం నారు మొక్కలు సర్దుతున్నట్టు వ్యాను వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను.

"కింద ఎవరి పేరుందో అది కూడా చదవండి" అంది ఆవిడ.

చదివాను.